కీచురాయి పనిచేయుచున్నది

మా కేంద్రం పెట్టిన నాటి నుంచి ఏమీ కనిపెట్టలేదు. అందువల్ల మాకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

శృంగవరపుకోట దాటాక, గుమ్మిడికొండ అడుగున ఒక పాత మేడ ఉంది. గిడ్డంగి కోసం కట్టి, ధాన్యం నిలవ ఉండదని తేలాక మాకు అద్దెకిచ్చారు. అదే కొండప్రాంత కీటక పరిశోధన కేంద్రం. నేను అక్కడ స్టోర్స్ సూపరింటెండెంటును. శాస్త్రవేత్తలు వస్తుంటారు, బదిలీ చేయించుకుని పోతుంటారు. స్టోర్సు ఎక్కడికీ పోదు కనుక కేంద్రమంటే స్టోర్సే అని నా అభిప్రాయం.

డాక్టర్ గొర్లె హైమావతి వచ్చాక ఈ ప్రశాంతత చెడింది. ఆమెకు కొండెక్కే అలవాటు ఉంది. అంతకు ముందున్న వాళ్ళెవరికీ అది లేదు. కొండ కిటికీలోంచి కనబడుతూనే ఉన్నప్పుడు మళ్ళీ ఎక్కి చూడడం ఎందుకని వాళ్ళు అనుకునేవారు. ఈమె మాత్రం వానాకాలమంతా పొదల్లో దూరి, చేతులు గీరుకుపోయి, జుట్టులో ఆకులతో ఆఫీసుకు వచ్చేది.

భాద్రపదంలో ఓ సాయంత్రం ఒక గాజుసీసా పట్టుకుని నా బల్ల దగ్గరికి పరుగున వచ్చింది.

"పట్నాయక్ గారూ, దీన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదండీ!"

కళ్ళజోడు సర్దుకుని చూశాను. సీసాలో ఒక ఆకు ఉంది. ఆకుకు మీసాలున్నాయి.

"ఇప్పుడు నేను చూశాను కదమ్మా," అన్నాను.

ఆమె నవ్వి, వివరంగా చెప్పింది. అది పొదల్లో ఉండే కీచురాయి. చూడ్డానికి ఆకులా ఉంటుంది. మిడతకు మేనత్త కొడుకు వరస. ఆ కొండ మీది కీచురాళ్ళ కూతలన్నీ ఆమెకు తెలుసు. ఇది మాత్రం, విజిల్ వేయబోయి మనసు మార్చుకున్న కుక్కర్‌లా బుసబుసమని, ఆఖర్న 'టిక్' మంటుందట. ఆ 'టిక్' లోకంలో మరే కీచురాయీ అనదట. కూతను తన ఫోనులో రికార్డు కూడా చేసింది.

కొత్త జాతికి పేరు పెట్టాలంటే దాని ఒడ్డూ పొడుగూ రంగూ రెక్కా అన్నీ వర్ణించి పత్రికలో అచ్చువేయించాలి. ఏ ఒక్క పురుగును చూసి వర్ణించారో ఆ పురుగును శాశ్వతంగా భద్రపరచాలి. దాన్ని మూలనమూనా అంటారు. అది పోతే వర్ణనకు సాక్ష్యం పోయినట్టే. భద్రపరచాలంటే ముందు చంపాలి. దాన్ని మందుసీసాలోకి దించేటప్పుడు హైమావతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంత వెతికినా ఇంకోటి దొరకలేదండీ. ఉన్న ఒక్కదాన్నీ చంపాను. దీనికి పేరు పెట్టలేకపోతే ఊరికే చంపినదాన్నవుతాను," అంది.

నాకు జాలేసింది. కానీ జాలికి స్టాకు రిజిస్టరులో పద్దు లేదు.

పద్దు సంగతే పెద్ద సమస్య అయి కూర్చుంది. నమూనాకు నంబరు ఉంటేనే పత్రికవారు తీసుకుంటారు. నంబరు ఇవ్వాలంటే ఏదో ఒక పద్దు కింద రాయాలి. కుర్చీలు బల్లలు ఒక పద్దు, గాజుసామాను ఒకటి, శబ్ద పరికరములు, వాహనములు, ఆయుధములు. పురుగులకు పద్దు లేదు, కీటక కేంద్రంలోకి అప్పటిదాకా కీటకం రాలేదు కనుక. 'ఇతరములు' అని ఒకటి ఉండేది గానీ, పూర్వపు డైరెక్టరు గారి పందిరిమంచం అందులో దొరకడంతో ఆడిట్ వారు మూయించారు.

నేను ఏ పనీ ఆలోచించకుండా చేయను. ఆమె రాసిన వర్ణన తెప్పించుకుని చదివాను. రెండో పేజీలో దారి దొరికింది. 'ముందురెక్కల మొదట శబ్దోత్పాదక పరికరము కలదు' అని ఆవిడే రాసింది. ఇంకేం కావాలి? మైకుసెట్టు, కాలింగ్ బెల్లు, ప్రారంభోత్సవాలకు వాడే ఇత్తడి గంట, వాటి కింద కీచురాయి. శబ్ద పరికరములు, నాలుగో నంబరు.

హైమావతి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏ పద్దయితే ఏంటండీ, నంబరొచ్చింది," అని వ్యాసం పత్రికకు పంపేసింది. నమూనా కేంద్రంలో భద్రంగా ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే అచ్చువేస్తామని వాళ్ళు వెంటనే జవాబిచ్చారు. ధ్రువపత్రం ఎంత పని, డైరెక్టరు గారు ఒక సంతకం పెడితే సరి అనుకుంది పాపం.

డైరెక్టరు అనంతశయనం గారు గిడ్డంగుల శాఖ నుంచి వచ్చినవారు. పురుగుల మీద వారికి ఎప్పటి నుంచో స్పష్టమైన అభిప్రాయం ఉంది: బస్తాల్లోకి రాకూడదు. ధ్రువపత్రం మీద సంతకం చేసే ముందు వారు ఒక సర్క్యులరు జారీ చేశారు. కేంద్రంలోని సమస్త వస్తువులను భౌతికముగా పరిశీలించి, పనిచేయునవి, పనిచేయనివి అని రెండు తరగతులుగా విభజించి, రెండవ తరగతివి వేలము వేయవలెను.

తనిఖీకి విశాఖపట్నం నుంచి పేరిచర్ల రామభద్రరాజు గారు వచ్చారు. నిదానస్తుడు, మర్యాదస్తుడు. కుర్చీ కనబడితే కూర్చుని చూసేవాడు, గొడుగు కనబడితే విప్పి చూసేవాడు. శబ్ద పరికరాల వంతు వచ్చింది. బెల్లు నొక్కాడు, మోగింది. మైకులో హలో అన్నాడు, కూసింది. ఇత్తడి గంట స్వయంగా వాయించి చెవులు మూసుకున్నాడు. నాలుగోది అద్దాల పెట్టెలో, సూదికి గుచ్చి ఉంది.

"మోగించండి," అన్నాడు.

హైమావతి నా వైపు చూసింది. నేను రిజిస్టరు వైపు చూశాను.

"అది చనిపోయిందండీ," అంది.

"ఎప్పుడు చెడిపోయిందమ్మా?"

"చెడిపోలేదండీ. చనిపోయింది. స్టాకులోకి వచ్చేటప్పటికే."

రాజుగారు కలం ఆపాడు. "అంటే పనిచేయని వస్తువునే స్టాకులోకి తీసుకున్నారా? ఇది చిన్న విషయం కాదమ్మా."

"బతికున్నప్పుడు బాగా కూసేదండీ."

"చచ్చినవాడి కళ్ళు చారెడని అందరూ అంటారు. నాకు ఇప్పుడు వినబడాలి." ఆయన పెట్టెకు చెవి ఆనించి కాసేపు శ్రద్ధగా విన్నాడు. తరువాత నన్ను కూడా వినమన్నాడు. నేనూ విన్నాను. నాలుగో నంబరు పనిచేయుట లేదు అని రాసుకున్నాడు. కింద ఇద్దరం సంతకాలు చేశాం.

పనిచేయని వస్తువుకు ముందు మరమ్మతు ప్రయత్నించాలి. తిన్నగా వేలానికి పంపితే నిబంధనకు విరుద్ధం. మరమ్మతుకు మూడు కొటేషన్లు కావాలి. మైకుసెట్ల కుర్రవాడు పెట్టె చూసి, వెనకాల వైరు లేదు కాబట్టి తన లైను కాదన్నాడు. బెల్లులు బాగుచేసే ఆయన సూది పీకి చూస్తానంటే హైమావతి పెట్టెకు అడ్డం నిలబడింది. విజయనగరం నుంచి హార్మోనియాలు బాగుచేసే తిరుపతిరావు మేస్త్రి వచ్చాడు. పెద్దమనిషి భూతద్దం పెట్టి రెక్క మొదట్లో రంపపు పళ్ళలాంటి గీతను చాలాసేపు చూశాడు.

"మెట్లు అరగనేదు బాబూ, సుబ్బరంగా ఉన్నాయి," అన్నాడు. "గాలే పోనాది. అది నా సేతిలోది కాదు."

ఒక్క కొటేషన్ కూడా రాలేదని ఫైలు రాశాను. మరమ్మతుకు వీలుపడదు కనుక, కార్తీక మాసంలో జరిగే వేలంలో పాత ఇనుము, విరిగిన స్టూళ్ళతో కలిపి ఒకే లాటుగా పెట్టాలని నిర్ణయం జరిగింది. అది విన్నాక హైమావతి మధ్యాహ్నం భోజనం చేయలేదు. డబ్బా మూత కూడా తీయకుండా నేరుగా డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళింది. ఫైలు పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను.

"సార్, దాన్ని చంపితేనే నమూనా అవుతుంది. అన్ని దేశాల్లోనూ ఇంతే. చచ్చిపోయింది కాబట్టే అది పనికొస్తుంది," అంది.

అనంతశయనం గారు కళ్ళు మూసుకుని విన్నారు. ముఖ్యమైన విషయాలు వారు అలాగే వింటారు.

"డాక్టర్ గారూ, మీ ఆవేదన నా దృష్టికి వచ్చినది. అయితే ఏ వస్తువైనను ప్రభుత్వ సేవలో ప్రవేశించిన పిమ్మట విధి నిర్వహణకు బద్ధమై ఉంటుంది. మరణించితిని గనుక కూయజాలను అనుట సంజాయిషీ కాజాలదు."

"అది కీచురాయి సార్!"

"రికార్డు ప్రకారం శబ్ద పరికరము. పైగా ఫైలు చూడగా మరొక అంశము బయల్పడుచున్నది. పని చేయుచున్న పరికరమును మందుసీసాలో ఉంచి పనిచేయకుండ చేసినవారు తమరేనని తమరే ఒప్పుకొనుచున్నారు."

ఇంతవరకు ప్రపంచంలో ఎవరూ ఎరగని జీవిని పట్టి తెచ్చినందుకు మర్నాడు హైమావతికి మెమో వచ్చింది. ప్రభుత్వ ఆస్తిని మూగబరచినందుకు తగు చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను అని. మెమో టైపు చేసింది నేనే. తప్పులు లేకుండా చేశాను.

పద్దు మార్చమని ఆమె నన్ను బతిమాలింది. ఏ పద్దుకు మార్చాలి? గాజుసామానుకు మారిస్తే పెట్టె గాజుసామాను అవుతుంది గానీ లోపలిది కాదు. వాహనములకు మారిస్తే నడిపి చూపమంటారు. అదే అన్నాను. ఆమె కోపగించుకోలేదు, మెట్ల మీద కూర్చుండిపోయింది. కోపగించుకుని ఉంటే నాకు సులువుగా ఉండేది.

మా అటెండరు అప్పలకొండ ఆమెకు టీ తెచ్చిపెట్టి ఉపాయం చెప్పాడు.

"ఏటి మేడమ్ గారూ, దీనికింత గొడవేటి? మా ఇంటికాడ నీళ్ళకుండెనకాల బోల్డు కీచురాళ్ళున్నాయి. ఓటట్టుకొచ్చి పెట్టెలో ఎట్టేస్తాను. రాజుగోరొచ్చినప్పుడు అదే అరుస్తాది. ఏదైతేనేటి, మాటొస్తే సాలు కదా!"

నాకు బాగానే ఉందనిపించింది. హైమావతి మాత్రం గబుక్కున లేచి నిలబడింది.

"వద్దు అప్పలకొండా. దాని పేరు మీద వేరేదాని గొంతు వినిపించను. అలా చేసేదాన్నైతే ఈ కొండెక్కడమెందుకు? దాని గొంతే..." అని ఆగిపోయింది. టీ అక్కడే వదిలేసి తన గదిలోకి పరుగెత్తింది.

వేలానికి ముందు పునఃపరిశీలన కోరుతూ ఆమె పెట్టుకున్న అర్జీ మీద రామభద్రరాజు గారు మళ్ళీ వచ్చారు. హాల్లో అందరం చేరాం. డైరెక్టరు గారు కూడా దయచేశారు. అద్దాల పెట్టె బల్ల మీద పెట్టి, దాని కింద హైమావతి తన ఫోను ఉంచింది. దాచలేదు. అందరూ చూస్తుండగానే పెట్టింది.

"ఇది దాని సొంత గొంతు సార్. అది బతికున్నప్పుడు పాడింది. ఇందులో నేను చేర్చింది ఏమీ లేదు," అని ఫోను నొక్కింది.

బుసబుసమని మొదలైంది. మొదట ఎవరికీ ఏమీ అనిపించలేదు. పోనుపోను ఆ ఇరుకు హాలు కొండ మీదికి వెళ్ళినట్టయింది. వాన వెలిసిన పొదలూ, తడి రాళ్ళూ, ఎవరి కోసమో ఆగకుండా పిలుస్తున్న చిన్న ప్రాణమూ వినబడ్డాయి. ఆఖర్న 'టిక్' మంది. నేను ఇన్నేళ్ళు ఆ కొండ కింద ఉన్నాను. నా పక్కనే ఇది పాడుతూ ఉండి ఉంటుంది. ఆ మాట ఆఫీసులో ఎవరితోనూ అనలేదు.

రామభద్రరాజు గారు చేతిరుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు. "మోగింది," అన్నారు. నిఖార్సయిన మనిషి, విన్నది రాసుకున్నాడు. డైరెక్టరు గారు కూడా తల పంకించి, "శబ్దము సంతృప్తికరముగా ఉన్నది," అన్నారు. అప్పటికప్పుడు ధ్రువపత్రం టైపు చేయించారు. 'శబ్ద పరికరములు నాలుగవ నంబరు గల కీచురాయి కేంద్రమునందు భద్రముగా ఉన్నది. పనిచేయుచున్నది.'

పనిచేయుచున్నది అంటే ఏమిటని పత్రికవారు ఒక ప్రశ్న రాశారట. మా ఆఫీసులో అంతకు మించిన బిరుదు లేదని హైమావతి జవాబిచ్చింది. వ్యాసం అచ్చయింది. మా గుమ్మిడికొండ పేరు కలిపి కీచురాయికి పేరు పెట్టింది. ఆ పేజీని అప్పలకొండ అద్దం కట్టించి తెచ్చాడు. దానికి కూడా నంబరు వేశాను.

ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టమన్న సామెత మా డైరెక్టరు గారు విని ఉండరు. దూడను వెతికించారు. కీచురాయి మోగినప్పుడు దాని కింద ఫోను ఉంది. అది లేకపోతే మోగదు. కనుక ఫోను ఆ పరికరానికి విడిభాగం అవుతుందని ఉత్తర్వు ఇచ్చారు. హైమావతి ఎదురాడలేదు. సిమ్‌కార్డు ఆమె సొంతం కనుక వాపసు ఇచ్చాం. పాట ప్రభుత్వానిది కనుక ఫోను ఉంచుకుని, నాలుగు బై ఒకటి అని నంబరు వేశాం. పనిచేయు వస్తువును ఖాళీగా ఉంచరాదు అని ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఆనాటి నుంచి సాయంత్రం ఆఫీసు మూసే వేళ ఇత్తడి గంటకు బదులు కీచురాయిని మోగించాలి. ఆ పని స్టోర్సుకు అప్పగించారు.

రోజూ నేనే మోగించేవాణ్ణి. కార్తీకంలో పొద్దు తొందరగా వాలుతుంది. గుమస్తాలు సంచులు సర్దుకుంటుంటే నా కిటికీ పక్కన ఆ చచ్చిన జీవి బుసబుసమని 'టిక్' మనేది. హైమావతి గుమ్మంలో నిలబడి విని, అప్పుడు ఇంటికి వెళ్ళేది.

ఒక సాయంత్రం మోగించి తల ఎత్తేసరికి పెట్టె మీద ఒక ఆకు ఉంది. ఊదితే ఎగరలేదు. మీసాలు కదిపింది.

"అమ్మా," అని పిలిచాను. నా పిలుపులో ఏం వినబడిందో, ఆమె చెప్పులు లేకుండానే వచ్చింది.

చూసి అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. "ఆడది పట్నాయక్ గారూ," అంది చాలా మెల్లగా. "మగది పిలిస్తే ఆడది వస్తుంది. పిలుపు విని కొండ దిగి వచ్చింది. ఆడదాన్ని నేను కూడా ఇంతవరకు చూడలేదు."

అది అద్దం మీద ఇటూ అటూ తిరిగింది. లోపల సూదికి గుచ్చి ఉన్న మగది దాని కాళ్ళ కిందే ఉంది. మీసాలతో అద్దాన్ని తడిమి, ఆగి, మళ్ళీ తడిమింది. చూడలేక నేను ఫోను ఆపేశాను.

హైమావతి దాన్ని గాజుగిన్నె కింద ఉంచి కొలతలు తీసుకుంది, బొమ్మ వేసింది, అప్పలకొండ ఫోనుతో ఫొటోలు తీసింది. దీని మీద ఇంకో వ్యాసం రాయవచ్చునట. రాస్తున్న కాగితం వంక చూసి నేను రిజిస్టరు తెరిచాను. అలవాటు.

"ఇది మోగుతుందా అమ్మా?"

"ఈ జాతిలో ఆడది కూయదేమోనండీ. కూత సాధనమే లేదు దీనికి."

"అయితే శబ్ద పరికరాల్లో చేరదు. తోకన ఆ వంపు ఏమిటి?"

"గుడ్లు పెట్టే సాధనం. కొడవలిలా ఉంటుంది, చూడండి. అంచు పదునుగా..." అని చెబుతూ చెబుతూ ఆగిపోయింది. నా వేలు ఏ పద్దు మీద ఉందో చూసింది. ఆయుధములు. దానికి కలెక్టరు గారి అనుమతి కావాలి, పోలీసు స్టేషనులో నమోదు చేయించాలి, ఏటేటా తనిఖీలో పదును పరీక్షించాలి. రాజుగారు శ్రద్ధగల మనిషి, పరీక్షిస్తారు.

ఆమె గాజుగిన్నెను రెండు చేతులతో ఎత్తుకుని కిటికీ దగ్గరికి నడిచింది.

"కొలతలున్నాయి, బొమ్మలున్నాయి. ఒకదాన్ని చంపాను, చాలు. ఇది స్టాకులోకి రాదు పట్నాయక్ గారూ," అంది. "దీనికి మన ఉద్యోగం వద్దు."

గిన్నె తీసింది. అది వెంటనే కదల్లేదు. పెట్టె వైపు మీసాలు చాచి కాసేపు ఉండి, ఎగిరి పొదల్లోకి వెళ్ళిపోయింది. మసక చీకట్లో ఏది ఆకో ఏది అదో నాకు తెలియలేదు. రిజిస్టరు మూసేశాను.

పనివేళలు ముగిశాక స్టోర్సు కిటికీలన్నీ మూసి గొళ్ళెం పెట్టాలని నిబంధన ఉంది. ఆ ఒక్క కిటికీని మాత్రం ఆనాటి నుంచి మూయడం లేదు. ఏల మూయుట లేదని మొన్న డైరెక్టరు గారు అడిగారు. గొళ్ళెం పనిచేయుట లేదని రాసిచ్చాను. మరమ్మతు చేయించమన్నారు. మూడు కొటేషన్లు రావాలి కదా, పిలిచాను. మైకుసెట్ల కుర్రవాడిని, బెల్లులాయనను, తిరుపతిరావు మేస్త్రిని.